ఒక గీత తేడా: కంటకసోల, కంటకసేల

కూచిపూడికి పొరుగునే ఘంటసాల. చుట్టూ వరిచేలు, కాలవలు, కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు. రాయి పుట్టని ఈ నేల మీద బౌద్ధులు ఇటుకతో మహాచైత్యం కట్టారు. పల్నాటి సున్నపురాయి తెప్పించి శిల్పాలు చెక్కించారు. అంత దూరం నుంచి వచ్చిన రాయి మీద అక్షరాన్ని కూడా శిల్పంలాగే తీర్చారు.

పురావస్తు శాస్త్రం అనగానే పలుగు, పార, పెంకులు గుర్తొస్తాయి. నాకు మాత్రం అందులో పరమ రసం అక్షరం విప్పుకోవడంలోనే ఉంది. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనంలో ఈ ఊరి పేరు ‘కంటకసోల’. ఎగువన నాగార్జునకొండలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరపు శాసనంలో అదే ఊరు ‘కంటకసేల’. ఈ శాసనాల లిపి బ్రాహ్మీ. అందులో ‘స’ తలకు ఎడమవైపు చిన్న గీత గీస్తే ‘సే’. కుడివైపు మరొకటి చేరిస్తే ‘సో’. ఆ ఒక్క గీతలో రెండు సీమల నోళ్లు వినపడతాయి. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ, అప్పట్లో రేవైన ఈ ఊరిని ‘కొంటకొస్సుల’ అన్నాడు. నా చెవికి అది ఊరివాళ్లు పలికిన ‘సోల’కే దగ్గర.

ఆ శాసనాల లిపి చూడండి. నిలువు గీతలు కిందికి సాగి మెత్తగా ఒంపు తిరుగుతాయి, గుడులు పైకి లేచి వెనక్కి వాలతాయి. కూచిపూడి నర్తకి చాచిన చెయ్యి వేలికొసల దాకా అభినయమే అయినట్టు, ఇక్కడ గీత చివరిదాకా అందమే. పైగా ఆ అందం మోసే మాటలు భక్తుల దానాలు. ఘంటసాల శాసనాల్లో శివకుడనే మహానావికుడు ఉన్నాడు. నాగార్జునకొండ శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక, కంటకసేల మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం కట్టించానని చెప్పుకుంది. రాయి పుట్టని చోట రాతి మండపం! ఆమె భక్తి బరువు ఆ ఒక్క మాటలోనే తెలుస్తుంది.

నేడు మనం ఘంటసాల అనీ, ఘంటశాల అనీ రెండు తీర్లా రాస్తున్నాం. ఇందులో తప్పొప్పులు తేల్చే పని లేదు. పలికే నోళ్లున్నన్నాళ్లు పేరు మారుతుంది, ఆ మార్పును రాయి దాచిపెడుతుంది. కృష్ణా జిల్లా ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: పిల్లల చేత వాళ్ల ఊరి పేరు ఒక్కసారైనా బ్రాహ్మీలో రాయించండి.