రంగు కంటే ముందు నూనె

తేలియా రుమాలు చేతికి తీసుకున్నవాళ్లు ముందు దాని గళ్లను, గళ్లలో పొదిగిన బొమ్మలను మెచ్చుకుంటారు. నా మటుకు నాకు అసలు విద్య అంతకుముందే, నూలు నానే తొట్టి దగ్గరే కనిపిస్తుంది.

ఒకప్పుడు చీరాల ఈ నేతకు పేరుమోసింది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక దాన్ని నిలబెడుతోంది. పని ఆముదం కాయల పొట్టుతో మొదలవుతుంది. పొట్టును కాల్చి, బూడిదను నీళ్లలో నానబెట్టి, పైకి తేరిన నీటిని వడకడతారు. అందులో నూనె పోసి కలిపితే తెల్లగా చిక్కబడుతుంది. నూలు చిలపలను అందులో ముంచి, చేత్తో పిసికి, పిండి ఎండలో ఆరేస్తారు. మర్నాడు మళ్లీ అదే పని. అలా రెండు మూడు వారాలు!

ఇంత శ్రమ ఎందుకంటే, పత్తి పోగు రంగును తనంతట తాను గట్టిగా పట్టుకోదు. బూడిద నీటిలోని క్షారం నూనెను విడగొడితే వచ్చే కొవ్వు ఆమ్లాలు పోగుకు పడతాయి. పటికలోని అల్యూమినియం వాటిని పట్టుకుంటుంది, అల్యూమినియాన్ని అలిజరిన్ అనే ఎర్రరంగు పట్టుకుంటుంది. ఆ ముడి నీళ్లకు కరగదు కాబట్టి ఎన్ని ఉతుకులకైనా ఎరుపు నిలుస్తుంది. పటిక బదులు ఇనుప లవణం వాడితే అదే అలిజరిన్ నలుపుకు తిరుగుతుంది.

పూర్వం మన తీరంలో అలిజరిన్ చిరివేరు నుంచి వచ్చేది. 1868లో గ్రేబే, లీబర్‌మాన్ అనే జర్మన్ రసాయనవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. నూలుకు నూనె పట్టించి ఎరుపెక్కించే విద్య కోసం 18వ శతాబ్దంలో ఫ్రాన్సు, స్కాట్లండు అద్దకందారులు ఎంతో తంటాలు పడ్డారు. వాళ్లు ‘టర్కీ ఎరుపు’ అన్నది ఇలాంటిదే. ఆ అద్దకానికి చివరికి యూరప్‌లో పేరుపడ్డ ‘టర్కీ రెడ్ ఆయిల్’ కూడా ఆముదం నుంచి చేసిందే!

ఇక చిటికీ పని. పడుగునూ పేకనూ రెండింటినీ నేతకు ముందే లెక్క ప్రకారం ముడులు కట్టి అద్దుతారు. మగ్గం మీద పేకలోని ఎరుపు పడుగులోని ఎరుపు మీదనే వచ్చి కూర్చోవాలి. అందుకే నేతగాడు కొన్ని పోగులు నేయగానే ఆగి, పక్కకు జరిగిన దారాన్ని సూదిమొనతో సర్దుతాడు. ఈ ఓపికతోనే ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో విమానాలను, గడియారాలను కూడా గళ్లలోకి దింపారు. తలకు చుట్టుకునే గుడ్డలుగా అవి అరబ్బు దేశాలకు ఓడలెక్కాయి. నూనె పట్టిన నూలు ఎండలో తలను చల్లగా ఉంచుతుందని నేతగాళ్లు చెబుతారు.

పుట్టపాక నేతకారుడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది, 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా అచ్చుగుడ్డలు అదే పేరుతో అమ్ముడవడం నాకు బాధగా ఉంటుంది. కొనేటప్పుడు గుడ్డను తిరగేసి చూడండి. అసలుదైతే రెండు వైపులా ఒకే నిండుదనం ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, కొత్తగుడ్డలో నూనె వాసన తగులుతుంది.