నరసాపురం లేసుకు సంతకం లేదు

రాయ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న భన్‌పురి, ఉర్ల, సిల్తరా పారిశ్రామికవాడల్లో నిలబడి, యంత్రం చేయలేని పని ఏదైనా ఉందా అని అడిగితే జవాబు చెప్పడానికి కాస్త ఆలోచించాలి. బట్ట సంగతి చూసినా అంతే. ఇంగ్లండ్‌లో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రాన్ని 1589లోనే కట్టాడు. 1809 నాటికి జాన్ హీత్‌కోట్ యంత్రం సన్నటి వల బట్టను కూడా నేసేసింది. అయితే ఒక్క కొక్కెం సూదితో అల్లే క్రోషే మాత్రం ఇంతవరకూ యంత్రానికి లొంగలేదు. దాన్ని పోలిన బట్టను తీసే యంత్రాలున్నాయి గానీ, అసలు సిసలు క్రోషేను బజారుకు సరిపడా అల్లే యంత్రం లేదు. పెద్ద దుకాణంలో చవగ్గా దొరికే క్రోషే టోపీ అయినా ఎక్కడో ఎవరో చేత్తో అల్లిందే. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసును అంచనా వేయడం ఇక్కడినుంచి మొదలుపెట్టాలని నా వాదన. ఇంటిపని అయ్యాక ఆడవాళ్లు తీరిగ్గా చేసుకునే పనిగా మనం దాన్ని లెక్కగట్టాం. నిజానికి అది కుట్టు కుట్టుకూ నిర్ణయం తీసుకునే పని. ఆ నిర్ణయం తీసుకునే మనిషికి పేరు లేకపోవడమే దానికి పట్టిన దరిద్రం.

యంత్రం ఎందుకు ఓడిపోయిందో అల్లికలోనే తెలుస్తుంది. రెండు సూదుల ఊలు అల్లికలో వరసలోని ఉచ్చులన్నీ ఒకేసారి తెరుచుకుని సూది మీద ఉంటాయి. ఉచ్చుకొక సూది చొప్పున బారుగా అమర్చితే యంత్రం వాటిని పట్టుకోగలదు. క్రోషేలో తెరిచి ఉండేది ఒకే ఒక్క ఉచ్చు, తక్కినవన్నీ ఎప్పటికప్పుడు మూసుకుపోతాయి. తరవాత సూది ఎక్కడ దూరాలో ముందుగా ఖరారై ఉండదు. కింది కుట్టు తలలోకి దూరవచ్చు, దాని నడుం చుట్టూ తిరగవచ్చు, రెండు వరసల కిందనున్న సందులోకైనా దిగవచ్చు. మామూలు పువ్వునే తీసుకుందాం. ఐదారు గొలుసులు వేసి, చివరిదాన్ని మొదటిదానితో కలిపితే చిన్న గుండ్రం వస్తుంది. దాంట్లోకి 12 పొడుగు కుట్లు వేస్తారు. తరవాతి వరసలో 24, ఆ పైన 36. ఇలా వరసకు 12 చొప్పున పెంచుకుంటూ పోతే అల్లిక అప్పడంలా చదునుగా పరుచుకుంటుంది. పెంపు తగ్గితే అంచులు లేచి గిన్నె అవుతుంది, ఎక్కువైతే కుచ్చిళ్లు పడుతుంది. దీనికి తోడు దారం బిగువు ఒకటి. ఎడమచేతి వేళ్ల మీదుగా జారే దారాన్ని కాస్త ఎక్కువ బిగిస్తే పువ్వు ముడుచుకుంటుంది, వదులు చేస్తే రేకులు వాలిపోతాయి. ఒకరు మొదలుపెట్టిన పువ్వును మరొకరు పూర్తిచేస్తే, చేయి మారిన చోటు తెలిసినవాళ్ల కంటికి ఇట్టే దొరికిపోతుంది.

ఆ కుచ్చిళ్లనే పట్టుకుని 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమీన్యా అనే గణిత అధ్యాపకురాలు హైపర్బోలిక్ తలాన్ని, అంటే అంచుల వైపు పోయేకొద్దీ విస్తరిస్తూ కుచ్చిళ్లు పడే తలాన్ని, అల్లి చూపించారు. అంతకుముందు కాగితంతో చేసిన నమూనాలు ముట్టుకుంటే చిరిగేవి. క్రోషేతో చేసినదాన్ని పిల్లలు మడిచి, విప్పి చూడగలిగారు. 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వెర్థైమ్ అక్కచెల్లెళ్లు అదే పద్ధతిలో పగడపు దిబ్బలను అల్లడం మొదలుపెట్టారు. గణితానికీ పనికొచ్చే చేతిపనిని కాలక్షేపం అనడం మన అజ్ఞానమే.

అదే 2005లో హ్యూస్టన్‌లో మాగ్డా సాయెగ్ తన దుకాణం తలుపు పిడికి అల్లిక తొడిగింది. బయట కనిపించే వస్తువులకు అల్లిక తొడిగే దారపు గ్రాఫిటీకి అది ఆరంభమని చెబుతారు. మరుసటి ఏడు కోపెన్‌హాగెన్‌లో మారియానె యోర్గెన్‌సెన్, ఇరాక్ యుద్ధంలో డెన్మార్క్ పాత్రను నిరసిస్తూ ఒక యుద్ధట్యాంకును గులాబీరంగు అల్లికతో కప్పేసింది. అందుకు 4,000కు పైగా చదరాలను అనేకమంది అల్లి పంపారు. 2010 డిసెంబరులో ఓలెక్ అనే కళాకారిణి న్యూయార్క్ వాల్‌స్ట్రీట్ ఎద్దుకు నిలువెల్లా క్రోషే తొడిగింది. మాండీ మూర్, లియాన్ ప్రెయిన్ ఈ పనుల మీద 2009లోనే పుస్తకం రాశారు. ఊళ్లు తిరగడం, రాయడం, స్తంభాలకు దారం చుట్టడం ఒకే జీవితంలో ఇమిడిపోయిన అల్లికదారులు అలా పుట్టుకొచ్చారు. వాళ్ల కుట్లలో మన ఆడవాళ్లకు రానివి పెద్దగా ఏమీ లేవు. సన్నటి నూలు దారంతో పని కనక నరసాపురం లేసే ఎక్కువ నేర్పు కోరుతుంది. వాళ్లకు ఉండి వీళ్లకు లేనిదల్లా ‘ఇది ఫలానా ఆమె చేసింది’ అని చెప్పుకునే హక్కు.

ఆ హక్కు ఎలా పోయిందో సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద రాసి 1982లో అచ్చయిన తన పుస్తకంలో విప్పి చూపింది. లేసుపని చిన్న చిన్న ముక్కలైపోయింది. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. దారం ఏజెంటు తెచ్చిస్తాడు, అల్లినది పట్టుకెళ్లి ఎగుమతిదారుకు ఇస్తాడు. పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో పువ్వు అల్లిన ఆమె చూడకపోవచ్చు. వీళ్లు కార్మికులు కాదు, గృహిణులు అన్న మాట ఒక్కటి చాలు, వ్యవసాయ కూలీ కన్నా తక్కువ ఇచ్చినా అడిగేవాళ్లుండరు. పొలానికి వెళ్లకుండా గడప లోపలే ఉండటం గౌరవమని నమ్మిన కులాల్లో ఆ తక్కువ కూలీకి పరువు అనే ముసుగు కూడా దొరికింది. మీస్ చెప్పినదంతా నేటికీ అక్షరాలా వర్తిస్తుందని అనను. సహకార సంఘాలు వచ్చాయి, నరసాపురంలో లేసు పార్కు వచ్చింది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే ఆ గుర్తింపు ఊరికి పేరు ఇస్తుంది, అల్లిన చేతికి ఇవ్వదు.

ఇది మన సంప్రదాయమే కాదు, తెల్లవాళ్లు తెచ్చినది కదా అనేవాళ్లున్నారు. స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844లో ఇక్కడివాళ్లకు నేర్పారని చెబుతారు, అందులో దాచేదేమీ లేదు. దాదాపు అదే దశాబ్దంలో ఐర్లండ్‌లో కరువు బాధితులకు కాన్వెంట్లు క్రోషే నేర్పాయి. ఐరిష్ లేసు ఐర్లండ్‌ది కాదని ఎవరూ అనరు. తల్లులనుంచి కూతుళ్లకు 180 ఏళ్లు నడిచిన పనికి పుట్టుక పత్రం అడగడం అన్యాయం. మిరపకాయ కూడా బయటినుంచి వచ్చినదే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. కడుపు నిండని మనిషికి సంతకం ఎందుకు, కూలీ పెంచండి చాలు అంటారు. చెట్టుకు దారం చుట్టడం తిన్నది అరగనివాళ్ల సరదా అని కూడా అంటారు. రెండో మాటలో కొంత నిజముంది. వానలో నానిన యాక్రిలిక్ అల్లికను మొదలుకు చుట్టి వదిలేస్తే చెట్టుకు మేలు చేయదు, ఊరికీ చెత్త మిగులుతుంది. నరసాపురం నూలును కరెంటు స్తంభాలకు చుట్టమని నేనేమీ అడగడం లేదు. కానీ కూలీ వేరు, పేరు వేరు అన్నదాన్ని ఒప్పుకోలేను. పువ్వుకింత అని లెక్కగట్టగలిగింది ఆ పువ్వు ఎవరు అల్లినా ఒకటే అనుకున్నందువల్లే. ఎవరు అల్లారన్నది లెక్కలోకి వచ్చిన రోజున బేరమాడే శక్తి కొంతైనా అల్లిన మనిషి చేతికి వస్తుంది.

దీనికి మొదట చెప్పిన రాయ్‌పూర్ ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోనే సాక్ష్యం ఉంది. సర్గుజా జిల్లా పుహ్‌పుత్రాలో సోనాబాయి రజవార్ ఇల్లు కదలకుండా బతికిన ఏళ్లలో, సన్నటి వెదురుబద్దలను గుండ్రంగా వంచి, తాడుతో కట్టి, మట్టి మెత్తి తన ఇంటికి జాలీలు అల్లుకుంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ కొనలేదు. భోపాల్‌లోని భారత్ భవన్ కళాకేంద్రం వాళ్ల కంట పడ్డాక అది సోనాబాయి పనిగానే లోకానికి తెలిసింది, సర్గుజా హస్తకళ అన్న మూటలో కలిసిపోలేదు. ఆమె పేరుతో పుస్తకం వచ్చింది, అమెరికాలో ప్రదర్శన జరిగింది, ఇరుగుపొరుగువాళ్లూ అదే పని పట్టుకున్నారు. నరసాపురంలో ఆమెకు తీసిపోని చేతులు తప్పకుండా ఉంటాయి. వాళ్ల పువ్వులు అతుకుపనిలో కలిసిపోయి ఓడెక్కుతున్నాయి, అంతే.

నమూనా ఇచ్చింది ఎగుమతిదారు, చూసి అల్లినదానిలో సృష్టి ఏముంది అనవచ్చు. ఆ నమూనా కూడా ఎప్పుడో ఎవరో అల్లినదే, రాసిపెట్టుకోలేదు గనక చేయి జారిపోయింది. పాశ్చాత్య దేశాల్లో అల్లికదారులు కర్తలు కావడానికి గ్రాఫిటీ కన్నా ఎక్కువ తోడ్పడింది రాతే. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ లాంటివాళ్లు తమ లెక్కలను పుస్తకాలుగా వేసుకున్నారు. క్రోషేకు గుర్తుల లిపి ఎప్పటినుంచో ఉంది. గొలుసుకు చిన్న సున్నా, పొడుగు కుట్టుకు అడ్డగీత ఉన్న నిలువు గీత, మధ్యనుంచి మొదలై వరస వరసగా బయటికి. చదవడానికి ఇంగ్లీషు రావాల్సిన పని లేదు. లేసు పార్కులో శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ గుర్తులు నేర్పి, కొత్త పువ్వు కట్టిన ప్రతి ఆమె చేతా గళ్ల కాగితం మీద గీయించి, కింద పేరు, ఊరు, తేదీ రాయించవచ్చు. ఆ కాగితం నకలు సంఘం దగ్గర ఉంటే, ఆ పువ్వు కావాలన్న ఎగుమతిదారు ముందుగా ఆమెతో మాట్లాడాలి.