అమృతవల్లికి రాని ఫోను

శంకర్ తీసిన 'ఇండియన్' 1996 మేలో విడుదలైంది. తెలుగులో 'భారతీయుడు'. తండ్రీకొడుకులు రెండు పాత్రలూ వేసిన కమల్‌హాసన్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. లంచగొండుల్ని చంపుతూ తిరిగే సేనాపతి ఒకప్పటి ఆజాద్ హింద్ ఫౌజు సైనికుడు. కొడుకు చంద్రబోస్ లంచం తీసుకుని, బ్రేకులు సరిగా లేని బస్సుకి సర్టిఫికెట్ ఇస్తాడు. బడిపిల్లలు చనిపోతారు. తండ్రి ఆ కొడుకునీ వదలడు. ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్లంతా ఈ పుత్రవధ దగ్గరే ఆగుతారు. నాకు మాత్రం అంతకు ముందు జరిగిన కూతురి చావు దగ్గరే కాళ్లు ఆగిపోతాయి.

కస్తూరి ఒళ్లు కాలి ఆసుపత్రికి వస్తుంది. డాక్టరు లంచం అడుగుతాడు, పోలీసు కాగితం కావాలంటాడు. సేనాపతి లంచం ఇవ్వనంటాడు. పరుగులు పెడతాడు, బతిమాలతాడు, నియమం మాత్రం వదలడు. కూతురు పోతుంది. ఆ సన్నివేశం ఎన్నిసార్లు చూసినా గుండె బరువెక్కుతుంది, కాదనను. ధర్మానికి ధర ఉంటుందని దాచకుండా చూపించడం ఈ సినిమా నిజాయితీ. కానీ ఆ ధర ఎవరి శరీరం మీద పడింది? ప్రాణం ఆమెది, నిర్ణయం ఆయనది.

ఇక్కడ ఇంకో మాట. ఎనభైల నుంచీ మన దేశంలో కాలిన ఆడపిల్ల అనగానే 'స్టవ్ పేలింది' అనే అబద్ధం గుర్తొస్తుంది. ఆ అబద్ధాన్ని బద్దలుకొట్టడానికే మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 1983లో 498ఎ, 1986లో 304బి చట్టంలోకి వచ్చాయి. కాలిన కేసులో పోలీసులకు తెలియజెయ్యడం, మరణ వాంగ్మూలం రాయించడం మనకు ఊరికే దొరికిన కాగితాలు కావు. మరోవైపు, ముందు వైద్యం చెయ్యాలి, చట్టపరమైన లాంఛనాలు తర్వాత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ డాక్టరు చేసింది కేవలం లంచగొండితనం కాదు, చట్టాన్ని ధిక్కరించడం. సినిమాకి ఈ రెండు సంగతులూ పట్టవు. దానికి కాగితం అంటే లంచం తినే సాకు. కాలిన ఒళ్లు తండ్రి కోపానికి అగ్గిపుల్ల. కస్తూరి చనిపోతేనే సేనాపతి కథ మొదలవుతుంది!

తమిళ సినిమాలో ఇది కొత్త కాదు. 1974లో 'తంగపతక్కం'లో పోలీసు అధికారి శివాజీ గణేశన్ కన్నకొడుకుని కాల్చాడు. ఆ కథ ఛాయలతోనే 1981లో మనకి 'కొండవీటి సింహం' వచ్చింది. అంతకు ముందు 1957లో 'మదర్ ఇండియా'లో తల్లే కొడుకుని కాల్చింది. అయితే నర్గిస్ పాత్ర ఆ తర్వాత కూడా అదే ఊళ్లో, ఆ కడుపుకోతతోనే ముసలిదవుతుంది. సేనాపతి మాత్రం దేశం దాటిపోతాడు.

అమృతవల్లిగా సుకన్య వేసింది ఎంత పాత్ర! పడుచుతనం నుంచి ముసలితనం దాకా. భర్త ఆదర్శం మీద కొడుకుకి వాదన ఉంది, కొడుకు మీద తండ్రికి జవాబు ఉంది. ఆమెకి కన్నీళ్లు ఉన్నాయి. ఎం.ఏ. పిల్లలతో ఈ సినిమా చర్చించినప్పుడు ఒకమ్మాయి అడిగింది: "ఆవిడ పుస్తెలు అమ్మి లంచం ఇచ్చుంటే, మేడమ్, సేనాపతి ఆవిడ్నీ చంపేవాడా?" క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న స్క్రిప్టు రాసినవాళ్లకి వచ్చుంటే సినిమా వేరే దారి పట్టేది.

స్వాతంత్ర్య పోరాటపు ఫ్లాష్‌బ్యాక్‌లో కూడా స్త్రీలు తెల్లవాళ్ల చేతుల్లో అవమానపడేవాళ్లే. కానీ అదే ఫౌజులో 1943లో రాణీ ఝాన్సీ రెజిమెంటు పుట్టింది. దాన్ని నడిపిన లక్ష్మీ స్వామినాథన్ మద్రాసు డాక్టరు. అందులో చేరినవాళ్లలో మలయా రబ్బరు తోటల తమిళ కూలి స్త్రీలు ఎందరో. తుపాకీ పట్టిన ఆ ఆడవాళ్లకి ఈ కథలో చోటు లేదు.

రవాణా కార్యాలయం ముందు బ్రోకర్ల సన్నివేశాలు మాత్రం ఇప్పటికీ నాకు ఇష్టం. అవినీతి అంటే మంత్రుల సూట్‌కేసులే కాదు, బల్లకింద జరిగే చిల్లర బేరం కూడానని గౌండమణి, సెంథిల్ నవ్విస్తూనే చూపిస్తారు. అయితే ఉద్యోగం కోసం చంద్రబోస్ అధికారి ఇంట్లో చాకిరీ చెయ్యడం ఎందుకంత హాస్యమో ఆలోచించండి. అదే చాకిరీ తన ఇంట్లో అమృతవల్లి చేస్తే ఎవరికీ నవ్వు రాదు.

28 ఏళ్ల తర్వాత, 2024 జులైలో 'ఇండియన్ 2' వచ్చింది. సేనాపతి మాట విని యువకులు సొంత ఇళ్లలోని అవినీతిని బయటపెడతారు. సిద్ధార్థ్ పాత్ర తన తండ్రినే పట్టిస్తుంది. తల్లి ఆత్మహత్య చేసుకుంటుంది. తరం మారింది, వేటు పడే చోటు మారలేదు.

మొదటి సినిమా చివర్లో అందరూ చనిపోయాడనుకున్న సేనాపతి విదేశం నుంచి ఫోను చేస్తాడు. దేశానికి అవసరమైతే తిరిగి వస్తానని చెప్తాడు. ఆ ఫోను సీబీఐ అధికారి కృష్ణస్వామికి. కూతురూ కొడుకూ లేని ఇంట్లో అమృతవల్లి ఉందో లేదో కెమెరా మళ్లీ వెళ్లి చూడదు.