చాట్రాయి వాకిళ్ళలో ముగ్గుల బడి

నెలగంట పట్టిన రోజు నుంచి సంక్రాంతి దాకా, అంటే డిసెంబరు సగం నుంచి జనవరి సగం వరకు, చాట్రాయి చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలకు చిత్రలేఖనం తరగతి ఒకటి నడుస్తుంది. ఇంకా తెల్లవారకముందే మొదలై బడి గంట కొట్టేలోగా ముగిసిపోతుంది. అమ్మమ్మ, అమ్మ, మేనత్త, పక్కింటి పిన్ని, ఆ పూట ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళే పంతులమ్మ. చుక్కలు లెక్కపెట్టేది ఒకరు, గీత లాగేది ఒకరు, రంగు నింపేది ఇంకొకరు. ఇంటిల్లిపాదీ కలిసి బొమ్మ వేయడం నేర్పే తరగతుల కోసం పట్నాల్లో ఇప్పుడు డబ్బు కట్టి మరీ చేరుతున్నారు. అదే చదువు మన పల్లెల్లో వాకిలి ఊడ్చే పనిలో భాగమై ఉంది కాబట్టి దాన్ని చదువుగా లెక్కలోకి తీసుకోం. తీసుకోవాలనే నేను చెప్పదలచుకున్నాను.

చాట్రాయి నూజివీడు మామిడి సీమలోది. 2022లో జిల్లాల విభజనప్పుడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారిన మండలం. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాసే తోటల్లో సరిగ్గా ఈ ముగ్గుల నెలలోనే పూత కనిపిస్తుంది. కోతల హడావిడి వేసవి మాట. వాకిట్లో గీసే ముగ్గుల్లోనూ మామిడి పిందె ఆకారం లేనిది అరుదు. అంచులో వరసగా నాలుగు పిందెలు తిప్పితే ఎంత మామూలు ముగ్గుకైనా పండగ కళ వస్తుంది. ఆ ఒంపు తిరగడం పిల్లలకు మొదట్లో కష్టం. కింద లావుగా మొదలై పైన సన్నగా కొక్కెంలా వంగాలి, వంపు దగ్గర చెయ్యి ఆగకూడదు.

అసలు పని నేలతో మొదలవుతుంది. మట్టి వాకిలి ఊడ్చి పేడ కళ్ళాపి చల్లితే నేల ముదురు రంగులో చదునుగా కుదురుకుంటుంది, దాని మీద తెల్ల గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు చాలా వీధులు సిమెంటు రోడ్లు కాబట్టి ఉత్త నీళ్ళే చల్లుతున్నారు. ఎంత తడి మీద వేయాలన్నది పిల్లలు నేర్చుకునే మొదటి విషయం. నీళ్ళు నిలిచి ఉంటే ముగ్గు కరిగి గీత అలుక్కుపోతుంది. పూర్తిగా ఆరిపోతే మొదటి గాలికే లేచిపోతుంది. చెమ్మ ఉండి తడి మెరుపు పోయిన ఆ కాసేపట్లోనే వేయాలి. ఆ సమయం ఎప్పుడు వస్తుందో చెప్పే పుస్తకం లేదు, నేల మీద చెయ్యి ఆనించి చూసుకోవడమే.

ముగ్గు పట్టుకోవడం ఇంకో పాఠం. పిడికిట్లోకి పిండి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నగా జారవిడవాలి. మధ్యవేలు కింద ఆనుగా ఉంటుంది. వేళ్ళు నేలకు తగలకూడదు, మరీ ఎత్తులోనూ ఉండకూడదు. ఎత్తు పెరిగితే గీత చెదిరి వెడల్పవుతుంది. పిండి కాస్త బరకగా ఉంటేనే బాగా జారుతుంది. అచ్చం బియ్యప్పిండి మెత్తగా ఉండి వేళ్ళకు అంటుకుంటుంది కాబట్టి కొత్త చేతులకు రాతి ముగ్గే నయం. బియ్యప్పిండి ముగ్గుకు మరో విలువ ఉంది, చీమలకూ పిచ్చికలకూ అది తిండి. పండగనాడైనా గడప ముందు కాస్త బియ్యప్పిండి వేయించే పెద్దవాళ్ళ మాట వినడం మంచిది.

మన వేళ్ళు ఎంత వేగంగా వదులుతున్నాయో, చెయ్యి అంతే వేగంగా కదలాలి. ఈ రెండూ కలిసినప్పుడే గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే లావున వస్తుంది. ఆరేడేళ్ళ పిల్ల వేసిన ముగ్గులో ఎక్కడ చెయ్యి తడబడిందో అక్కడ ఓ చిన్న కుప్ప పడి ఉంటుంది. అమ్మమ్మ ఏమీ అనదు. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ఒక్కసారి తనతోపాటు తిప్పుతుంది. మాటల్లో చెప్పలేనిది అలా చేతిలోంచి చేతిలోకి పోతుంది.

ఆ తర్వాత చుక్కలు. ముగ్గుల పుస్తకాల్లోనూ, సంక్రాంతి నెలంతా పత్రికలు వేసే ముగ్గుల కిందా ఉండే లెక్క అందరికీ తెలిసిందే. '15 చుక్కలు, సందు చుక్క 8 వరకు' అని ఉంటే, నడుమ వరసలో 15 చుక్కలు పెట్టి, దాని పైనా కిందా రెండేసి చుక్కల సందులో ఒక్కొక్కటి చొప్పున 14, 13, 12 ఇలా తగ్గించుకుంటూ 8 దగ్గర ఆగాలి. మొత్తం 169 చుక్కలు, ఆరు పక్కల ఆకారం. పిల్లలకు '5 చుక్కలు 3 వరకు' ఇస్తే 19, '7 చుక్కలు 4 వరకు' ఇస్తే 37. సరి చుక్క పద్ధతిలో చుక్క కింద చుక్క నిలువుగా వస్తుంది. అలా 7 నుంచి ఒక్కో వరసకు రెండేసి తగ్గిస్తూ 1 దాకా వెళితే 25 చుక్కలతో పలక నిలబెట్టినట్టు వస్తుంది. ఎడం సమానంగా ఉండటానికి వేళ్ళే కొలబద్ద. నడుమ వరస ఒక్క వేలి మందం పక్కకు ఒరిగినా ఆఖరి వరసకు వచ్చేసరికి ముగ్గంతా ఒరిగిపోతుంది. తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ పోవడం కూడా అక్కడే అలవాటవుతుంది.

చుక్కలు పెట్టాక దారి రెండుగా చీలుతుంది. చుక్కలను కలుపుతూ పువ్వులు, చిలకలు, దీపాలు గీసేవి ఒకరకం. చుక్కలను ముట్టకుండా వాటి చుట్టూ గీతను తిప్పే మెలికల ముగ్గులు రెండోరకం. మొదటిది కంటికి ఆకర్షణ, పిల్లలు దానికే ఎగబడతారు. నా మనసు మాత్రం మెలికల ముగ్గు మీదే. బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, ఏ చుక్కా చుట్టకుండా మిగలకూడదు, వెళ్ళిన గీత మీదే మళ్ళీ వెళ్ళకూడదు. బుర్రలో బొమ్మంతా ముందే కదలాడితే తప్ప చెయ్యి కదలదు.

ఇందులో ఒక గట్టి లెక్క దాగి ఉంది. పిల్లల చేత చేయించి చూడండి. సరి చుక్కలు దీర్ఘచతురస్రంగా పెట్టండి. పక్కపక్కనున్న ప్రతి రెండు చుక్కల మధ్యా, పైనా కిందా ఉన్న ప్రతి రెండు చుక్కల మధ్యా గీతలు ఒక్కసారి ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటాలి. అంచుకు వచ్చినప్పుడు చుక్కను చుట్టి లోపలికి తిరగాలి. రెండు వరసలు, వరసకు మూడు చుక్కలు పెడితే ఒకే ఒక్క గీతతో ముగ్గు పూర్తవుతుంది. రెండు రెళ్ళు పెడితే ఒక గీతతో కాదు, రెండు కావాలి. మూడు మూళ్ళకు మూడు. నాలుగు వరసలు, ఆరు చుక్కలకు రెండు. ఐదు వరసలు, ఆరు చుక్కలకు మళ్ళీ ఒక్కటే. వరసల సంఖ్యకూ చుక్కల సంఖ్యకూ ఉన్న గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని. ఆరో తరగతి లెక్కల పుస్తకంలో పిల్లలు బట్టీపట్టే గ.సా.భా. వాకిట్లో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇది చూసిన పిల్లవాడికి ఆ అధ్యాయం మళ్ళీ చెప్పనక్కరలేదు.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమొనీ, రాణి సిరొమొనీ, కమలా కృతివాసన్ ఈ ముగ్గుల్ని, తమిళంలో వాటి పేరు కోలం, కంప్యూటర్ శాస్త్రం దృష్టితో పరిశీలించారు. కొద్దిపాటి నియమాలతో చిన్న ముగ్గు నుంచి పెద్ద ముగ్గు ఎలా పెరుగుతుందో చూపిస్తూ 1974లో ప్రచురించిన వారి పత్రం ఆ రంగంలో పేరున్నది. మన ఆడవాళ్ళు 5 చుక్కల ముగ్గును అదే పోలికతో 9 చుక్కలకు, 13 చుక్కలకు పెంచుకుంటూ పోవడం చూసినవాళ్ళకు ఆ మాట కొత్తగా ఉండదు.

సముద్రాలకు అవతల ఆఫ్రికాలో, అంగోలా తూర్పు ప్రాంతంలోని చోక్వే జనం కూడా ఇసుకలో వేళ్ళతో చుక్కలు పెట్టి, వాటి చుట్టూ ఎడతెగని గీత తిప్పుతారు. వాటిని సోనా అంటారు. గీస్తూ కథ చెబుతారు. పౌలస్ గెర్డెస్ అనే గణితవేత్త వాటి లెక్కల మీద పుస్తకాలే రాశాడు, పైన చెప్పిన గ.సా.భా. సూత్రం ఆయన సోనాల్లో చూపించినదే. నాకు ఆసక్తి కలిగించేది మరొకటి. అక్కడ ఇది మగవాళ్ళ విద్య. యుక్తవయసుకు వచ్చే మగపిల్లలకు నేర్పుతారు. మన పొరుగున కేరళలో అయిదు రంగుల పొడులతో దేవతామూర్తుల్ని నేల మీద తీర్చే కళమెళుత్తు కూడా తరతరాలుగా మగవాళ్ళ చేతిదే. మరి మన ఇళ్ళలో మగపిల్లవాడు ముగ్గు చిప్ప పట్టుకుంటే 'నీకెందుకురా' అని ఎందుకు లాక్కోవాలి? వాడికీ రెండు చేతులున్నాయి, పది వేళ్ళున్నాయి. ఇంత మంచి విద్య సగం మంది పిల్లలకు అందకుండా పోవడం నాకు నిజంగా బాధ.

ఈ తరగతి ఊరందరిదీ ఎలా అవుతుందో కనుమనాడు చూడాలి. ఆ రోజు ప్రతి ఇంటిముందూ రథం ముగ్గు వేస్తారు. రథం వేసి ఊరుకోరు, దాని తాడును గీతగా లాక్కుంటూ పోయి పక్కింటి రథానికి కలుపుతారు. వాళ్ళు ఆ పక్కింటికి. వీధి పొడవునా ఒకే తాడు సాగుతుంది. తాడు లాగే పని పిల్లలది, ఏ ఇంటి పిల్ల ఏ ఇంటి వాకిట్లో వేస్తోందో ఎవరూ పట్టించుకోరు. ధనుర్మాసమంతా ముగ్గు నడుమ గుమ్మడి పూలు, బంతిపూలు గుచ్చిన గొబ్బెమ్మల్ని పెట్టేదీ, వాటి పిడకల్ని దండగుచ్చి భోగిమంటలో వేసేదీ కూడా ఆ చిన్నచేతులే. డిసెంబరు 31 రాత్రి ముగ్గుకైతే మతం అడ్డురాదు. క్రైస్తవుల ఇళ్ళముందు క్రిస్మస్ నక్షత్రం, గంటలు వేసిన చేతులే కొత్త సంవత్సరం ముగ్గూ వేస్తాయి. పది దాటాక వీధి లైటు కింద గుంపుగా కూర్చుని, రంగులు ఒకరివి ఒకరు అడిగి తీసుకుంటూ వేసే ఆ ముగ్గుల్లోనే పిల్లలు పెద్దల్ని ఎక్కువగా గమనిస్తారని నా నమ్మకం.

ముగ్గు లేని వాకిలి కూడా ఒక మాట చెబుతుంది. ఇంట్లో చావు జరిగి మైలలో ఉన్నప్పుడు ముగ్గు వేయరు. ఎదురింటి వాకిట్లో ఇవాళ ముగ్గు లేదే అని చూసి ఆరా తీయడం పల్లెలో పొరుగువారి ధర్మం.

ఈ విద్యకు పాత గౌరవమూ ఉంది. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో బియ్యంతో, పూలతో నేల మీద రూపాలు తీర్చడం ఒకటి. ఇరవయ్యో శతాబ్దంలో బెంగాల్ దాన్ని మళ్ళీ తలకెత్తుకుంది. అవనీంద్రనాథ్ ఠాగూర్ బెంగాలీ ఆడవాళ్ళ వ్రతాల ముగ్గులైన అల్పనల మీద 1919లో పుస్తకం రాశాడు. శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ అల్పనను చిత్రకళా శిక్షణలోకి తెచ్చాడు, దాన్ని నేర్పడానికి సుకుమారీదేవి అనే పల్లెటూరి చేయి తిరిగిన ఆవిడ అక్కడ ఉపాధ్యాయిని అయింది. మనకూ ఆ గాలి సోకింది. 1910లో బందరులో వెలిసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి చిత్రకళ నేర్పాడు, అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకుని తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. బాపిరాజు లాంటి వాళ్ళకు చిత్రకళ నేర్పిన ఈ కృష్ణా సీమలో ఇంటి ముగ్గు పండగ పోటీలకే పరిమితమైపోవడం నాకు మింగుడుపడదు. పోటీల మీద నాకు కోపం లేదు. కాని అక్కడ బహుమతి ముగ్గుకు వస్తుంది, నేర్పిన వాళ్ళ ఊసు ఉండదు.

ఇప్పుడు బజారులో చిల్లుల జల్లెడలు, గొట్టాలు, గడపకు అంటించే స్టిక్కర్లు దొరుకుతున్నాయి. తీరికలేని ఇల్లాలిని తప్పుపట్టను. తెల్లారకుండా పనికి పరుగెత్తే మనిషికి స్టిక్కరు ఒక ఊరట. పిల్లల చేతికి మాత్రం జల్లెడ ఇవ్వొద్దు. జల్లెడ ఎత్తగానే ముగ్గు సిద్ధంగా ఉంటుంది, చెయ్యి మాత్రం నిన్న ఉన్నచోటే ఉంటుంది. ముగ్గు సాయంత్రానికి తొక్కిడికి చెరిగిపోతుంది, మర్నాడు పొద్దున ఊడ్చేస్తారు. నిన్న తప్పు పోయిన పిల్లకు ఇవాళ శుభ్రమైన వాకిలి మళ్ళీ దొరుకుతుంది. డ్రాయింగు పుస్తకంలో పాడైన పేజీని దాచుకుని సిగ్గుపడే పిల్లలు, వాకిట్లో అలా భయపడటం నేను చూడలేదు.

చాట్రాయి, చనుబండ లాంటి ఊళ్ళలో బళ్ళు ఈ నెలలో వారానికొక గంట ముగ్గుకు ఇస్తే చాలు. బడి ఆవరణ, ఓ బస్తా ముగ్గు, ఊళ్ళోని నలుగురు అవ్వలు ఉంటే తరగతి నడుస్తుంది. ఆడపిల్లలతోపాటు మగపిల్లల్నీ కూర్చోబెట్టాలి, తల్లుల్నీ తండ్రుల్నీ రమ్మనాలి. లెక్కల మాస్టారికి అక్కడ పని ఉంది, డ్రాయింగు మాస్టారికీ ఉంది. ఇంకో పని కూడా ఆ పిల్లలే చేయగలరు. ఇనప్పెట్టెల్లో, అటకల మీద, చుక్కలు పెట్టుకున్న పాత నోటుపుస్తకాలు ఇంకా చాలా ఇళ్ళలో ఉన్నాయి. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి కొన్ని, పత్రికల్లోంచి కత్తిరించి అంటించుకున్నవి కొన్ని. వాటిని చిత్తు కాగితాల కింద తూకానికి వేసేలోగా పిల్లలు ఒక్కొక్క ముగ్గునూ తమ చేత్తో దించుకోవాలి. పక్కనే చుక్కల లెక్క, వేసినావిడ పేరు, ఆవిడ పుట్టినూరు, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ పేరు కూడా రాయాలి.