జీతాన్ని గంటలతో భాగించండి

మా పెండ్లిమర్రి పిల్లలకు ఉద్యోగమంటే ఎక్కువగా బస్సెక్కి పోయేదే. కడప అంగళ్లు, ప్రొద్దుటూరు బట్టల దుకాణాలు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, ఇంకా దూరమైతే బెంగళూరు. చేరే ముందు కొందరు వచ్చి అడుగుతారు: "అన్నా, పదిహేను వేలంటున్నారు, బాగానే ఉన్నట్టా?" నేను "ఎన్ని గంటలు?" అంటాను. చాలామంది దగ్గర జవాబుండదు. జీతం అడిగి గంటలు అడగకపోవడం మన దగ్గర పాతుకుపోయింది. అదే నాకు బాధ.

ఒక పిల్లోడు ప్రొద్దుటూరులో అంగట్లో 15,000కు చేరినాడనుకుందాం. పొద్దున తొమ్మిదికి షట్టరెత్తితే రాత్రి పదికి దించేదాకా ఉండాలి. భోజనానికి గంట తీసేసినా రోజుకు 12 గంటలు, 26 రోజులకు 312 గంటలు. గంటకు 48 రూపాయలు పడుతుంది. అదే డబ్బు రోజుకు 8 గంటల పనికైతే గంటకు 72. చట్టం ప్రకారం మామూలు పని వారానికి 48 గంటలే. ఆపైన చేసే ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి. ఈ పిల్లోడు నెలకు 104 గంటలు ఎక్కువ చేస్తున్నాడు. రెట్టింపు రేటున వాటికే ఇంకో 15,000 రావాలి. అంటే నెలనెలా ఒక జీతం ఇంటికి తెచ్చుకుంటున్నాడు, ఇంకొకటి అంగట్లోనే వదిలేసి వస్తున్నాడు.

వేసవి సెలవులకు జీతమివ్వని ప్రైవేటు బడుల్లో పనిచేసే టీచర్లైతే ఏడాది మొత్తాన్ని 12తో భాగించుకోవాలి. ఇంటికి తెచ్చుకుని దిద్దే నోటుపుస్తకాల గంటలూ కలపాలి.

గంటకెంతో తేలినాక, అది న్యాయమా కాదా అన్నది ఇంటి ఖర్చు చెప్పాలి. పక్కింటి వాని జీతంతో పోల్చి తృప్తి పడితే ఇద్దరికీ తక్కువే ఇస్తుండవచ్చు. 1957లో 15వ భారత కార్మిక సమావేశం దీనికొక కొలత పెట్టింది. కార్మికుడు, భార్య, ఇద్దరు పిల్లలు కలిసి తిండి లెక్కలో ముగ్గురు పెద్దవాళ్లతో సమానం, అట్లా ఒక్కొక్కరికి రోజుకు 2,700 కేలరీల తిండి, ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట, బాడుగ, ఇంకా వంటచెరకు, దీపం, చిల్లర ఖర్చులకు కలిపి కనీస వేతనంలో 20 శాతం. 1991లో రెప్టకాస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చేర్చింది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం, పెళ్లిళ్లు, వీటికి కనీస వేతనంలో 25 శాతం ఉండాలంది. నాకు ఈ తీర్పు మీద చాలా గౌరవం. కూలి చేసేవాడు మా పొలతల తిరునాళ్లకు పిల్లలను తీసుకుపోవడం దుబారా కాదు, అది కనీస అవసరమని దేశంలోని పెద్ద కోర్టే ఒప్పుకుంది.

అందుకే ఒక కాగితం మీద బియ్యం, నూనె, బాడుగ, ఫీజు, మందులు, తిరునాళ్లు అన్నీ రాయండి. మొత్తం జీతాన్ని మించితే తప్పు మీ పొదుపులో ఉందని ముందే అనుకోవద్దు.

చీనీ తోటలో ఒకే పనికి మగవానికొక కూలి, ఆడమనిషికొక కూలి ఇస్తే లెక్క కూడా అక్కర్లేదు, అది అన్యాయం. సమాన వేతన చట్టం వచ్చింది 1976లో.

మన రాష్ట్రంలో కనీస వేతనంలోని కరువుభత్యం ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. మీ పనికి ఇప్పుడెంతో కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. యజమానిని పే స్లిప్ అడగండి, అది మీ హక్కు. రేపు పనిలోకి పోయినాక, మీ పక్కన నిలబడి అదే పని చేసేవానికి మీ జీతమెంతో చెప్పండి, వానిదెంతో అడగండి.