కండను చదివే చూపు
వయసు మీదపడ్డాక కండ కరిగిపోతే బరువు తూచే మిషన్‌కు తెలియదు. ఆ చోట కొవ్వు చేరితే ముల్లు కదలదు. ఆ లోటును పట్టుకునే పనితనం స్కాన్ గదిలో ఉంది. బెంగళూరు ఆస్పత్రుల్లో కడుపునొప్పికో, కిడ్నీలో రాయికో తీసే సీటీ బొమ్మల్లోనే ఆ కబురు దాగి ఉంటుంది. నడుము మూడో పూస దగ్గర ఒక్క పొర చాలు. పూసకు అటూఇటూ రెక్కల్లాంటి ఎముకలు రెండూ కనబడే చోటు ఎంచుకుని, వెన్ను కండరాల చుట్టూ, పొట్ట గోడ వెంట ఓపికగా గీత గీస్తారు. నీటిని సున్నా అనుకునే సీటీ కొలతలో మైనస్ 29 నుంచి 150 దాకా కండ. మైనస్ 190 నుంచి మైనస్ 30 దాకా కొవ్వు. వచ్చిన వైశాల్యాన్ని ఎత్తు వర్గంతో భాగిస్తే మనిషి కండ లెక్క తేలుతుంది.

పిడికిలి బలం చూస్తే చాలదా అనవచ్చు. మొదటి పరీక్ష అదే కావాలి. 2019 నాటి ఆసియా ప్రమాణాల ప్రకారం మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల లోపు ఉంటే తక్కువే. కానీ కీళ్లవాతంతో వేళ్లు బిగిసినా పట్టు సడలుతుంది. కారణం కండేనా అని తేల్చేది బొమ్మే. రేడియేషన్ భయమా? ఇందుకోసమే సీటీ తీయక్కర్లేదు. కండను కొలిచే డెక్సా అనే మరో ఎక్స్‌రే స్కాన్‌లో మోతాదు చాలా స్వల్పం. అల్ట్రాసౌండ్‌లో అసలు లేదు. అక్కడ నేర్పంతా చేతిదే: తొడ మీద ప్రోబ్ కాస్త నొక్కినా కండ పలచబడి కనిపిస్తుంది. ముందే తెలిస్తే వ్యాయామంతో, మాంసకృత్తులున్న తిండితో బలం చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు. ఇంట్లో పెద్దవారి పాత సీటీ ఉంటే, కండ సంగతి కూడా చూడమని డాక్టరును అడగండి.