రాళ్లనేలకు తగిన తోలుచెప్పులు

బళ్లారి సరిహద్దు పల్లెల్లో, సండూరు కొండల అంచుల్లో నడకకు రాళ్లూ తుమ్మముళ్లూ అడ్డం. ఆ నేలకు తగినవి మాదిగ పనివారు కుట్టిన కిర్రుచెప్పులు. అడుగుకు మందమైన ఎనుముతోలు, పైవార్లకు పలుచని తోలు వాడతారు. పచ్చితోలును ముందు సున్నపునీళ్లలో నానబెట్టి వెంట్రుకలు గీకేస్తారు. తర్వాత లంద అనే తోలు ఊరబెట్టే తొట్టిలో తంగేడుచెక్క, కరక్కాయల రసంలో రోజుల తరబడి ఊరబెడతారు. వాటిలోని టానిన్లు తోలుపీచులోని కొల్లాజెన్‌ను పట్టుకుని కుళ్లిపోనివ్వవు. ఊరిన తోలును అట్టలుగా కోసి, ఒకదానిపై ఒకటి పేర్చి, ఆరెతో బెజ్జం పొడిచి, సన్నని తోలువారుతోనే బిగించి కుడతారు. అప్పుడప్పుడు ఆముదం పట్టిస్తే తోలు మెత్తగా ఉంటుంది, పగలదు. తర్వాతి కాలంలో పాత టైరుముక్క అడుగట్టగా చేరింది. గొర్రెలకాపరి పాదాన్నీ రైతు పాదాన్నీ తరతరాలుగా కాచిన ఈ విద్యకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.